వేలిలో సూదిమొన

"ఒంట్లో యాడన్నా ఇనుము ఉండాదామ్మా?" అని స్కానింగ్ సెంటర్లో మిషన్ నడిపే హరినాథ్ అడిగితే, లేదన్నట్టు గంగాదేవి తల అడ్డంగా ఊపిన చోట పోయిన వారం కథ నిలిచింది. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే గంగాదేవికి నాలుగేళ్ళ కూతురు జ్యోతి. ఆ బిడ్డకు కుడి దవడ కింద లేచిన గడ్డ గొంతును అదిమేస్తోంది. పడుకుంటే ఊపిరి ఈల వేస్తోంది. గడ్డ మెడలోని పెద్ద రక్తనాళాన్ని పట్టుకుందో లేదో బొమ్మలో చూడనిదే కత్తి పెట్టనని ఆపరేషన్ డాక్టరు తేల్చి చెప్పాడు. మొదటిసారి వేరేచోట తీసిన స్కానింగులో బిడ్డ ఏడ్చి దొర్లడంతో బొమ్మంతా అలికేసినట్టయింది. మత్తిచ్చి తీద్దామంటే, ఇంత ఇరుకు గొంతుతో మత్తులోకి పోయిన బిడ్డ తిరిగి ఊపిరి తీసుకుంటుందన్న నమ్మకం లేదని మత్తు డాక్టరు చేతులెత్తేశాడు. మత్తు లేకుండా తొందరగా బొమ్మ తీసే కొత్త పద్ధతి ఒకటుందని విని, మొదటి బస్సు పట్టుకుని అనంతపురం వచ్చి, రాప్తాడు దారిలో ఉన్న ఈ సెంటరు గడప తొక్కారు మొగుడూ పెళ్ళాం.

లేదని తల ఊపిందే గానీ, ఉంది.

కుడిచేతి చూపుడు వేలి కొసన, గోటికి కాస్త కింద, మిరపగింజంత గట్టిగా తగులుతూ ఉంటుంది. ప్యాంటు నడుం దగ్గర గుడ్డ నాలుగు మడతలు పడిన చోట మిషన్ సూది టక్కున విరిగి వేలిలోకి దిగిన రోజుది. ఆమె కుట్టే షెడ్డులో సూది విరిగితే ముక్కలన్నీ ఏరి సూపర్‌వైజరుకు చూపిస్తేనే కొత్త సూది ఇస్తారు. మొన ఎక్కడో ప్యాంటులో మిగిలిపోయి కొనుక్కున్నవాళ్ళకు గుచ్చుకుంటే యూనిట్ పేరు పోతుందని వాళ్ళ భయం. గంగాదేవికి అన్ని ముక్కలూ దొరికాయి, మొన తప్ప. అదెక్కడుందో ఆమెకు తెలుసు. చెబితే ఆస్పత్రికి పో, మానినాక రా అంటారు. వచ్చేసరికి ఆ మిషన్ ముందు ఇంకెవరో కూర్చుని ఉంటారు. పక్క మిషన్ మారెక్క బొట్టుబిళ్ళల డబ్బీలోంచి పాత మొన ఒకటి తీసి చేతిలో పెడితే, దాన్నే చూపించేసి, వేలికి మిషన్ నూనె రాసి, గుడ్డపీలిక చుట్టుకుని మళ్ళీ పెడలు తొక్కింది.

"నా వేళ్ళల్లో రెండుండాయి లేమ్మే. మన వరసలో లేంది ఎవురికి?" అని నవ్వింది మారెక్క. "సచ్చినాక కాలిస్తే బూడిదలో దొరుకుతాయి. అప్పుడొచ్చి ఏరుకోమను సూపర్‌వైజర్ని."

జీన్సు రంగు పట్టిపట్టి గంగాదేవి వేలికొసలన్నీ నీలంగా ఉంటాయి. ఆ నీలంలో ఆ మచ్చ ఎవరికీ కనపడదు. హరినాథ్‌కూ కనపడలేదు. ఇనుము ఉంటే లోపలికి రాకూడదని అతను ముందే చెప్పాడు. ఆమె లోపలికి పోకపోతే బిడ్డ పడుకోదు. సూదిపోట్లు తిని తిని, తెల్లకోటు కనపడితే చాలు గుక్కపెట్టే బిడ్డ అది. రాత్రిళ్ళు కూడా అమ్మ కుడిచెయ్యి దవడ కింద ఉంటేనే కన్ను మూస్తుంది. వేలు ఆనించి దవడను రవ్వంత పైకెత్తి పట్టుకుంటే ఈల సన్నబడుతుంది. ఎందుకో గంగాదేవికి తెలియదు. తల్లి చెయ్యి తగిలితే బిడ్డకు ధైర్యం కాబోలు అనుకునేది.

తాళి, మెట్టెలు, ముక్కుపుడక, జడపిన్నులు అన్నీ తీసి మొగుడు తిప్పేష్ తువ్వాలు కొసన ముడి వేసింది. తాళి తీస్తున్నప్పుడు అతని ముఖం ఒక మాదిరి అయింది.

"భయపడొద్దమ్మా," అన్నాడు హరినాథ్, బిడ్డ మెడకు కండువాలాంటి మెత్తటి పట్టీ చుడుతూ. "పాత పద్ధతిలో అయితే ఈ మిషన్ ఒక్కొక్క గీతా గీసుకుంటా పోయేది. అంతసేపూ బిడ్డ కట్టెమాదిరి పండుకోవాల్సొచ్చేది. ఇప్పుడేమో దూరం దూరంగా గీతలు తీసుకుంటాది, మద్దెలో వదిలేసిందంతా కంప్యూటర్ పూరించుకుంటాది. గుటక మింగినా, కొంచెం మెదిలినా తట్టుకుంటాది. ముక్కలు ముక్కలుగా తీస్తా. ఒక్కో ముక్క నువ్వో చిన్న పాట పాడినంత సేపే."

"కుట్టే ముందు దూరం దూరంగా టాకాలు ఏసి పెట్టుకున్నట్లా అన్నా?"

"అట్లనే అనుకో. ఇంకోటి చెప్తా ఇను. మోత ఆగినా దీని అయస్కాంతం ఆగదు. రాత్రీ పగలూ లాగతానే ఉంటాది. అందుకే అన్నిసార్లు అడిగేది."

గంగాదేవి చూపుడు వేలిని అరచేతిలోకి మడుచుకుంది.

లోపల గది చల్లగా ఉంది. బయట గాలి దుమ్ములో నుంచి వచ్చిన వాళ్ళకు ఆ చల్లదనమే భయం పుట్టించింది. గుండ్రటి తెల్లటి నోరు తెరుచుకుని ఉన్న మిషన్‌ను బిడ్డ వింతగా చూసింది.

"మా, ఇదేంది?"

"మిషనే. మన మిషన్ కన్నా పెద్దది."

"ఏం కుడతాది?"

"నిన్నే."

బొంగురు గొంతుతో కిలకిలా నవ్వింది జ్యోతి. మోత మొదలయ్యాక కూడా బెదరలేదు. పుట్టి నడక నేర్చింది కుట్టుమిషన్ల మధ్య. షెడ్డులో అమ్మ కాళ్ళ దగ్గర, కత్తిరించి పడేసిన జీన్సు ముక్కల కుప్ప మీద, ఆ టకటకల్లోనే దానికి నిద్ర పట్టేది. గంగాదేవి పక్కనుంచి వంగి, చెయ్యి లోపలికి చాచి, ఎప్పటిలా దవడ కింద వేలు ఆనించింది.

అప్పుడు తెలిసింది ఆమెకు. వేలి లోపలి నుంచి ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు ఒక సలుపు. గుచ్చుకున్న రోజు కూడా అంత నొప్పి లేదు. చెయ్యి వెనక్కి తీసుకుంటే బిడ్డ లేచి కూర్చుంటుంది. పెదవి కొరుక్కుని, ఇష్టదేవతలందరినీ పేరుపేరునా తలుచుకుంటూ, మోత ఆగేవరకూ వేలిని అక్కడే ఉంచింది.

బిడ్డ కదల్లేదు.

"అయిపాయ! శభాష్ పాపా!" అని స్పీకర్లో హరినాథ్ గొంతు వినపడేసరికి గంగాదేవికి కన్నీళ్ళు బొటబొటా రాలాయి. ఇంకేముంది, గట్టెక్కామనుకుంది. బిడ్డను చంకనేసుకుని అద్దాల గదిలోకి వచ్చేసరికి హరినాథ్ కంప్యూటర్ ముందు వంగి ఉన్నాడు. శభాష్ అన్న మనిషి ముఖంలా లేదది.

"ఒక్క నిమిషం ఉండమ్మా. మేడంను పిలుస్తా."

డాక్టర్ సుబ్బరత్నమ్మ వచ్చింది. కోటు వేసుకోలేదు; నెరిసిన జుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు. బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి జరుపుతూ చూసింది. తరువాత మొగుడూ పెళ్ళాలను దగ్గరికి పిలిచింది.

"మెడంతా బాగా వచ్చింది. నాలుక, గొంతు, వెన్నెముక అన్నీ తెలుస్తున్నాయి. ఇక్కడ చూడండి. సరిగ్గా గడ్డ ఉండాల్సిన చోట ఈ నల్లటి గుంత."

తెరమీద బిడ్డ మెడ బూడిదరంగులో ఉంది. కుడి దవడ కింద మాత్రం కాగితాన్ని బీడీతో కాల్చినట్టు నల్లటి చిల్లు.

"గడ్డా కనపడదు, నాళమూ కనపడదు. ఇట్లా వచ్చేది ఇనుము ఉంటేనే. పాప ఏమన్నా మింగిందా? పిన్నీసో, గుండీనో, సూదో?"

సూది అన్న మాట వినగానే తిప్పేష్ భార్య వైపు తిరిగాడు. బోరుబండి మీద వెల్డింగ్ చేసేవాడు, మాట మెత్తగా రాదు.

"మింగే ఉంటాది మేడం. పొద్దస్తమానం ఆ మిషన్ కాళ్ళకాడ కూచోబెట్టుకుంటాది ఈమె. ఎన్నిసార్లు చెప్పినా! మా అమ్మ కాడ వదిలిపెట్టి పోవే, ఆ సూదులూ గుండీలూ నోట్లో ఏసుకుంటాది అని! ఇన్యావా నా మాట?"

 గంగాదేవి కుడిచేతిని కొంగులో చుట్టుకుంది.

"ఇప్పుడు అరిసి లాభం లేదప్పా," అంది డాక్టర్. "గొంతులో ఇనుము ఉంటే ఈ బిడ్డను ఇంకోసారి ఈ మిషన్లో పెట్టడానికి వీల్లేదు. సర్జన్ గారికి ఫోన్ చేస్తాను, రేపటి ఆపరేషన్ ఆపమని. ముందు ఎక్స్‌రే. తరువాత గొంతులోకి గొట్టం పంపి వెతకాలి."

"గొట్టమంటే..." గంగాదేవి బిడ్డను ఇంకా దగ్గరికి లాక్కుంది. "మత్తియ్యాల గదా మేడం?"

"ఇవ్వక తప్పదు కదమ్మా."

డాక్టర్ ఫోన్ చేతిలోకి తీసుకుంది. నంబరు వెతుకుతోంది. జ్యోతి తల్లి భుజం మీద తలపెట్టుకుని, తెరమీది బొమ్మలో తన మెడకున్న నల్లటి చిల్లును చూస్తూ వేలు చీకుతోంది. ఈల గంగాదేవి చెవి పక్కనే సన్నగా, తెగని దారంలా సాగుతోంది. లేని సూది కోసం బిడ్డకు మత్తిస్తారు. ఆ మత్తులో ఈ ఈల ఆగిపోతుంది. ఎవరి సూదో తనకొక్కదానికే తెలుసు.

"ఫోన్ చెయ్యొద్దండి మేడం."

డాక్టర్ తలెత్తింది. గంగాదేవి కొంగు విప్పి చెయ్యి చాచింది. నీలపు వేలికొస ఉబ్బి, మచ్చ ఉన్న చోట ఎర్రగా కమిలిపోయి ఉంది.

"బిడ్డ గొంతులో ఏమీ లేదు. నా వేల్లో ఉండాది. నేనే పెట్టినా ఆ చెయ్యి, గడ్డ కాడ."

 ముందు తేరుకున్నది హరినాథ్.

"అడిగితిని గదమ్మా! మొగం మీద అడిగితిని!"

"అడిగినావన్నా."

"మరి?"

"ఉందంటే నన్ను లోపలికి పంపుతావా?"

"పంపను!"

"అందుకే."

హరినాథ్ కుర్చీని విసురుగా వెనక్కి తోశాడు. "అది లోపల తిరుక్కోని నరం కోసుంటే? ఆడ బిడ్డ మొకం కాడ చెయ్యి గుంజుకోని ఏదన్నా అయ్యుంటే? నా ఉద్యోగం సంగతి పక్కన పెట్టు, రేపు నేను మొగం యాడ పెట్టుకుందును?"

"కొట్టన్నా నన్ను. కొట్టి, ఇంకోసారి తీయి."

తిప్పేష్ ఆమె వేలిని పట్టుకుని వెలుతురుకు తిప్పి చూస్తున్నాడు. ఇందాకటి అరుపు అతని గొంతులో లేదు. "ఎప్పుడు దిగింది ఇది? నాకు చెప్పలేదే."

"నువ్వు బోరుబండి మీద పోతివి, సోమందేపల్లె దిక్కు. వచ్చినాక చెప్తే ఏం జేస్తువి మామా? తిడ్తువి."

"తిడుదును," అన్నాడతను నిజాయితీగా. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే. ఇప్పుడు నేను పోతా లోపలికి. నేను పట్టుకుంటా బిడ్డను."

హరినాథ్ ఈసారి ఊరికే అడగలేదు. మనిషిని ఎదురుగా నిలబెట్టుకున్నాడు. "ఏం పని చేస్తావన్నా నువ్వు?"

"బోరుబండి కాడ. బిట్లు అరిగిపోతే గ్రైండింగ్ పట్టి, వెల్డింగ్ పెడ్తా. మన నేల తెలుసు గదా, దిగేకొద్దీ రాయే."

"గ్రైండింగా? కంట్లో రవ్వలు పడినాయా ఎప్పుడన్నా?"

తిప్పేష్ ఎడమ కన్ను నులుముకున్నాడు.

"పడినాయా లేదా అన్నా?"

"పడకుండా ఎట్లుంటాది. పోయిన ఎండాకాలం ఎడమ కంట్లో పడింది. మా డ్రైవరు పాత స్పీకర్లో అయస్కాంతం పీకి కంటికాడ పెట్టి తీసినాడు."

"అంతా వచ్చిందా?"

"వచ్చిందనే చెప్పినాడు." తువ్వాలు సర్దుకుని, "ఎండలో ఇప్పటికీ గరగర అంటాది," అన్నాడు.

"అయితే నువ్వు ఆ గడప తొక్కొద్దు. కన్ను పోతాది."

గంగాదేవికి నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. "చూస్తివా మామా! మన ఇంట్లో ఇనుము లేంది ఈ బిడ్డ ఒక్కదానికే."

బిడ్డను పట్టుకోవడానికి ఆయమ్మను పిలిపించారు. ఆమె తెల్లచీర చూడగానే జ్యోతి తల్లి మెడను కావలించుకుని కీచుమంది. ఆ ఏడుపుకే పెదాలు నల్లబడ్డాయి. డాక్టర్ వద్దని చేత్తో సైగ చేసి ఆయమ్మను పంపేసింది.  సర్జన్ సాయంత్రం లోపల బొమ్మలు కావాలన్నాడు. లేకపోతే రేపటి ఆపరేషన్ ఉండదు, ఆయన ఊరు వెళ్ళి తిరిగి వచ్చేది వచ్చే వారమే. వచ్చే వారం దాకా ఆ ఈల ఉంటుందో ఉండదో చెప్పగలిగిన వాళ్ళెవరూ ఆ గదిలో లేరు.

"అన్నా," అంది గంగాదేవి. "నువ్వు శభాష్ అన్న మాట లోపలికి వినపడింది గదా. నేను ఈడ్నించి మాట్లాడితే దానికి వినపడుతుందా?"

హరినాథ్ మైకు వైపు చూశాడు. డాక్టర్ వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

బిడ్డను తలుపు దగ్గర కూర్చోబెట్టుకుని గంగాదేవి దాని బుగ్గలు రెండు చేతులా పట్టుకుంది. "ఒక ఆట ఆడదామా జ్యోతీ? నువ్వు గుడ్డ. అది మిషన్. కుట్టేటప్పుడు గుడ్డ కదిలితే ఏమయితాది?"

"కుట్టు వంకర పోతాది."

"వంకర పోతే?"

"సూపర్‌వైజర్ తిడ్తాడు." హరినాథ్‌ను చూపుడు వేలితో చూపించింది. "ఈయప్పనా?"

"ఈయప్పే. శానా కోపిష్టి. కదిలితే ప్యాంటంతా ఇప్పి మళ్ళా కుట్టమంటాడు."

అంత కంగారులోనూ హరినాథ్ మీసాలు బిగించి కోపంగా చూసినట్టు నటించాడు. అతనే బిడ్డను ఎత్తుకుని లోపలికి తీసుకుపోయాడు. జ్యోతి ఏడవలేదు, వెనక్కి తిరిగి అమ్మనే చూస్తూ పోయింది. డాక్టర్ వెంట వెళ్ళి భుజాల కింద దుప్పటి మడిచి పెట్టింది. ఊపిరి లెక్క తెలిసేందుకు కాలి బొటనవేలికి క్లిప్పు తగిలించింది. చెవులకు మైకు మాటలు వినపడే మెత్తటి డిప్పలు పెట్టారు. తలుపు మూసుకుంది.

గంగాదేవి మైకు ముందు కూర్చుంది. 

"గుడ్డమ్మా, ఇంటాండావా?"

స్పీకర్లో ఈల వినపడింది. ఈల వెనకే చిన్న గొంతు. "ఊఁ."

"ఇంక ఊఁ అనొద్దు. గుడ్డ మాట్లాడదు. దారం ఎక్కిస్తాండా. కాలు పెట్టినా పెడలు మీద..."

మోత మొదలైంది. మోతలో ఈల వినపడదు. బిడ్డకు మాత్రం అమ్మ మాటలు వినపడతాయని హరినాథ్ చెప్పాడు. ఆమె ప్యాంటు కుట్టింది, ఆ మైకు ముందు కూర్చుని. జేబులు కుట్టింది, నడుం పట్టీ కుట్టింది, బెల్టు లూపులు వేసింది. మోత ఆగిన ప్రతిసారీ మాట ఆపి చెవులు రిక్కించేది. ఈల వినపడేది. మళ్ళీ మొదలుపెట్టేది. మధ్యలో ఒకసారి ఊపిరి అంకె పోయి తెరమీద అడ్డగీతలు వస్తే ఆమె ప్రాణం అక్కడే పోయినంత పనయింది. హరినాథ్ పరుగున పోయి చూసి, "క్లిప్పు జారిందంతే. కాలు గోక్కునింది," అని మళ్ళీ తగిలించి వచ్చాడు. తిప్పేష్ గోడకు ఆనుకుని, తాళి ముడి ఉన్న తువ్వాలును గుండెకు అదుముకుని, గరగరలాడే కంటిని తుడుచుకుంటున్నాడు.

"ఇంకొక్కటే ముక్క," అన్నాడు హరినాథ్. "గడ్డ కాడిది. ఇదే అసలైంది."

"కాలికి మడత ఏస్తాండా గుడ్డమ్మా. ఇదే ఆఖరు. ఇది అయిపోతే సూపర్‌వైజర్ సెలవిస్తాడు. కదలొద్దు. కొంచెం కూడా కదలొద్దు నా బంగారు. అట్లే... అట్లే ఉండు..."

మోత సాగింది. సాగి ఆగింది.

తెరమీద బొమ్మ పైనుంచి కిందికి తెరలా దిగింది. నల్లటి చిల్లు లేదు. డాక్టర్ కళ్ళద్దాలు పైకి తోసుకుని ముందుకు వంగింది. హరినాథ్ సంతోషం పట్టలేక బల్ల మీద చరిచాడు.

"చూడు మేడం! గడ్డ అంచు ఇదిగో, నాళం ఇదిగో. మద్దెలో సందు! పట్టుకోలేదు మేడం, నాళాన్ని పట్టుకోలేదు! అన్నా, మీ బిడ్డను కోయొచ్చు, ఏం భయం లేదు! ఇంత చక్కటి బొమ్మ పెద్దోళ్ళకు కూడా రాదమ్మా. అస్సలు కదల్లేదు. గుటక లేదు, ఊపిరి మెదలడం కూడా..."

మాట సగంలో తెగింది.

ఊపిరి అంకె ఉండే చోట మళ్ళీ అడ్డగీతలున్నాయి. అవి ఎప్పటి నుంచి ఉన్నాయో, బొమ్మ చూస్తున్న వాళ్ళెవరూ చూడలేదు.

"గుడ్డమ్మా?" అంది గంగాదేవి మైకులో. "జ్యోతీ? అయిపోయింది తల్లీ. ఇప్పుడు మాట్లాడొచ్చు."

స్పీకర్లో ఈల లేదు. మిషన్ చల్లగా గురకపెడుతోంది, అంతే.

దవడ కింద వేలు ఆనించి రవ్వంత పైకెత్తితే ఈల సన్నబడేది, ప్రతి రాత్రీ. ఆ వేలు ఇప్పుడు ఇక్కడ ఉంది. బిడ్డ అక్కడ ఉంది.

"అమ్మా, ఆగు! నేను పోతా, నువ్వు రావద్దు, అయస్కాంతం ఆగలేదు!" అని హరినాథ్ కుర్చీ తన్నేసి లేచేసరికి, గంగాదేవి కుడిచెయ్యి తలుపు పిడి మీద ఉంది.